తుర్క్‌మెన్ భాషలో ‘కాదు’, ‘లేదు’, మధ్యలో ఒక ‘మ’

తుర్క్‌మెన్ వంటింట్లో ‘గొవుర్మ’ అంటే మాంసాన్ని దాని కొవ్వులోనే బాగా వేయించి చలికాలానికి నిలవ పెట్టుకునే పదార్థం. ‘గొవుర్’ అంటే వేయించు. దానికి ‘మ’ చేరితే వేయించినది. మన హైదరాబాదు కుర్మాకు ఆ పేరు వచ్చింది కూడా ఈ తుర్కిక్ మాట నుంచే, ఉర్దూ మీదుగా. ఇప్పుడు అదే ‘గొవుర్మ’ను చివరి అక్షరం మీద కాకుండా దాని ముందున్న అక్షరం మీద ఊది పలికితే అర్థం పూర్తిగా మారి ‘వేయించకు’ అవుతుంది. అక్షరాలు అవే, రాత అదే. ఇలాంటిదే మరొకటి: ‘అల్మ’ అంటే యాపిల్ పండు, ‘అల్’ అంటే తీసుకో లేదా కొను, కాబట్టి ‘అల్మ అల్మ’ అనే రెండు మాటల వాక్యానికి ‘యాపిల్ కొనకు’ అని అర్థం. మొదటి ‘అల్మ’లో ఊనిక చివర పడుతుంది, రెండో దానిలో మొదట పడుతుంది. తుర్కిక్ భాషల్లో వ్యతిరేకార్థాన్నిచ్చే ‘మ’ తన మీద ఊనికను నిలుపుకోదు, తన ముందున్న అక్షరానికి ఇచ్చేస్తుంది.

ఇంత చిన్న ప్రత్యయమే తుర్క్‌మెన్ వ్యతిరేకార్థకానికి మూలం అని పాఠ్యపుస్తకాలు మొదలుపెడతాయి. అది నిజమే, అయితే సగం నిజం. నాలుగు పాఠాలు దాటగానే ‘మ’ కనిపించని వ్యతిరేక రూపాలు వరుసగా ఎదురవుతాయి, వాటిని మినహాయింపుల పట్టికగా బట్టీ పట్టమంటారు. నా అభిప్రాయంలో అవి మినహాయింపులు కావు. తుర్క్‌మెన్‌లో మూడు వ్యతిరేక సాధనాలున్నాయి. ఏ రూపానికి ఏది వస్తుందన్నది ఆ రూపం మొదట క్రియగా పుట్టిందా, నామంగా పుట్టిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ ఒక్క ప్రశ్న చేతిలో ఉంటే పట్టికలో అధిక భాగం దానంతట అదే విడిపోతుంది. తెలుగు పుట్టుభాషగా ఉన్నవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు కూడా, ఎందుకంటే ‘కాదు’కూ ‘లేదు’కూ తేడా మనకు పసితనంలోనే పట్టుబడింది.

తుర్క్‌మెన్ అనేది తుర్క్‌మెనిస్తాన్ అధికార భాష. ఇరాన్, అఫ్ఘానిస్తాన్ ఉత్తర ప్రాంతాల్లోనూ మాట్లాడతారు. తుర్కిక్ కుటుంబంలో ఒఘుజ్ అనే శాఖకు చెందినది. టర్కీ దేశపు తుర్కిష్, అజర్‌బైజానీ దాని దగ్గరి చుట్టాలు. మొదట అరబిక్ లిపిలో రాసేవారు. 1920ల చివర లాటిన్ లిపి, 1940లో సిరిలిక్ లిపి, 1993లో మళ్ళీ కొత్త లాటిన్ లిపి వచ్చాయి. ఇక్కడ ఉదాహరణలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను కాబట్టి కొన్ని సర్దుబాట్లు తప్పవు. ‘బ్యాంకు’లో మనం పలికే అచ్చు తుర్క్‌మెన్‌లో తరచుగా వస్తుంది, దాన్ని ‘యా’ ఒత్తుతో చూపుతాను. స, జ అని నేను రాసేవాటిని వాళ్ళు నాలుక కొసను పళ్ళ మధ్య ఉంచి పలుకుతారు; భవిష్యత్తును చెప్పే ‘జక్, జెక్’ ప్రత్యయంలోని ‘జ’ మాత్రం మన ‘జ’ లాంటిదే. ఒక చోట మాత్రం తెలుగు లిపి లాటిన్ లిపి కంటే బాగా అమరుతుంది: తుర్క్‌మెన్‌లో మధ్యమ పురుషకు గుర్తు మన ‘ఙ’ ధ్వనే. అక్షరమాలలో నేర్చుకుని ఆ తరువాత దాదాపుగా వాడని ఆ అక్షరానికి ఇక్కడ నిండా పని ఉంది.

మూడు సాధనాల్లో మొదటిది, పైన చూసిన ‘మ’ లేదా ‘మె’. ధాతువులోని అచ్చు నోటి వెనుక భాగంలో పలికేదైతే ‘మ’, ముందు భాగంలో పలికేదైతే ‘మె’. ‘అల్’కు ‘అల్మ’, ‘గెల్’ అంటే రా, దానికి ‘గెల్మె’. (మన ‘గెలుపు’తో దీనికి ఏ సంబంధమూ లేదు.) రెండోది ‘ద్యాల్’, మన ‘కాదు’. ‘మెన్ ముగల్లిమ్ ద్యాల్’ అంటే నేను ఉపాధ్యాయుణ్ణి కాదు. మూడోది ‘యోక్’, మన ‘లేదు’. ‘సువ్ యోక్’ అంటే నీళ్ళు లేవు. ‘మెనిఙ్ వగ్తిమ్ యోక్’ అంటే నాకు సమయం లేదు, మాటకు మాట చెప్పాలంటే ‘నా సమయం లేదు’. దీనికి ఎదురు మాట ‘బార్’, అంటే ఉంది. యోక్, బార్ రెండింటిలోనూ అచ్చు దీర్ఘమే. తుర్క్‌మెన్ లిపి ఆ దీర్ఘాన్ని చూపదు గానీ, ప్రాచీన తుర్కిక్ దీర్ఘాచ్చులను చెక్కుచెదరకుండా నిలుపుకున్న అతి కొద్ది భాషల్లో తుర్క్‌మెన్ ఒకటి.

ద్యాల్‌కూ యోక్‌కూ ఉన్న తేడాను ఇంగ్లీషు ద్వారానో రష్యన్ ద్వారానో నేర్చుకునేవారు నియమాల రూపంలో నేర్చుకోవలసి వస్తుంది. తెలుగువారికి ఒక ఉదాహరణ చాలు. ఎవరి కోసమో తలుపు తట్టినప్పుడు ‘ఓల్ ఒయ్దె యోక్’ అని జవాబు వస్తే, అతను ఇంట్లో లేడు అని. ‘ఒయ్దె ద్యాల్, ఇష్దె’ అంటే ఇంట్లో కాదు, పనిలో ఉన్నాడు అని. మొదటిది ఉనికిని కాదంటుంది, రెండోది గుర్తింపును దిద్దుతుంది. ‘మెన్ ద్యాల్, ఓల్ గెల్ది’ అంటే వచ్చింది నేను కాదు, అతను. ‘షు గున్ ద్యాల్, ఎర్తిర్’ అంటే ఇవాళ కాదు, రేపు. ప్రతి చోటా మన ‘కాదు’ ఎక్కడ నిలబడుతుందో ద్యాల్ కూడా అక్కడే నిలబడుతుంది. ఒక్క తేడా గమనించాలి. మనం లేడు, లేరు, లేవు, కాను, కారు అని పురుషను, వచనాన్ని మార్చుకుంటూ పోతాం. తుర్క్‌మెన్‌లో సాధారణ వాక్యంలో ద్యాల్, యోక్ మారకుండా ఉంటాయి. గతంలో జరిగినదైతే ‘ది’ చేరి ‘ద్యాల్ది’, ‘యోక్ది’ అవుతాయి.

ఈ పోలికను చూసి రెండు భాషలకు బంధుత్వం అంటగట్టకూడదు. 1856లో రాబర్ట్ కాల్డ్‌వెల్ ద్రావిడ భాషలను తుర్కిక్ వంటి ఉత్తరాసియా భాషలతో కలిపి ‘సిథియన్’ అనే పెద్ద వర్గంలో చూడాలని ప్రయత్నించాడు. ఆ బంధుత్వం నిరూపణకు నిలవలేదు. ధాతువుకు ప్రత్యయాలను ఒకదాని వెనుక ఒకటి అతికించుకుంటూ పోయే పద్ధతి, క్రియ వాక్యం చివర రావడం, ఉనికిని చెప్పడానికి ప్రత్యేకమైన మాట ఉండడం, ఇవి రెండు చోట్లా ఉన్నాయి. ఒకే రకమైన సరంజామా ఉన్నచోట ఒకే రకమైన కట్టడాలు లేవడంలో వింత లేదు.

ఇప్పుడు క్రియలోకి వెళ్దాం. స్పష్టమైన భూతకాలంలో ‘మె’ తన పనిని ఏ తగాదా లేకుండా చేస్తుంది. ‘గెల్దిమ్’ వచ్చాను, ‘గెల్మెదిమ్’ రాలేదు. ‘గెల్దిఙ్’ వచ్చావు, ‘గెల్మెదిఙ్’ నువ్వు రాలేదు. మన ‘రాలేదు’ నేనుకూ నువ్వుకూ వాళ్ళకూ ఒకటే, తుర్క్‌మెన్‌లో మాత్రం ఎవరు రాలేదో క్రియే చెబుతుంది. ఆజ్ఞలోనూ ఇంతే: ‘గెల్’ రా, ‘గెల్మె’ రాకు, మర్యాదగా అయితే ‘గెలిఙ్’ రండి, ‘గెల్మ్యాఙ్’ రాకండి. ‘వస్తే’ అనే అర్థంలో ‘గెల్సె’, ‘రాకపోతే’ అనే అర్థంలో ‘గెల్మెసె’. ‘బొల్’ అంటే అవు. దాని నుంచి వచ్చిన ‘బొల్మస’ మన ‘లేకపోతే’, ‘లేదంటే’ లాగా మాటల మధ్య ఊరికే దొర్లుతుంటుంది. శక్తిని చెప్పడానికి ‘బిల్’, అంటే తెలియు, అనే ధాతువును సహాయంగా తెచ్చుకుంటారు: ‘గెలిప్ బిల్మెదిమ్’ అంటే రాలేకపోయాను. ఇక్కడ ‘మె’ రెండో ధాతువుకు తగులుకుంది, మొదటిదానికి కాదు.

‘వస్తాను’ అని నిశ్చయం లేకుండా, ఉద్దేశంగానో అలవాటుగానో చెప్పే రూపం ఒకటుంది: గెలెరిన్, గెలెర్సిఙ్, గెలెర్. దీని వ్యతిరేకంలో మొదటి చిక్కు కనిపిస్తుంది. నేను రాను ‘గెల్మెరిన్’, నువ్వు రావు ‘గెల్మెర్సిఙ్’, కానీ అతను రాడు ‘గెల్మెజ్’. ఉత్తమ మధ్యమ పురుషల్లో ‘ర’ ఉంది, ప్రథమ పురుషలో ‘జ’ ఉంది. బహువచనంలో కూడా ‘గెల్మెరిస్’ మేము రాము, ‘గెల్మెజ్‌లెర్’ వాళ్ళు రారు. పాతది ‘జ’. మంగోలియాలో ఓర్ఖోన్ నది లోయలో 732లో నిలిపిన కుల్ తెగిన్ శిలాశాసనంలో ‘బిల్మెజ్ కిషి’ అనే మాట ఉంది. తెలియని మనిషి, అజ్ఞాని అని అర్థం. పన్నెండు వందల తొంభై ఏళ్ళ తరువాత ఆ రెండు మాటలూ తుర్క్‌మెన్‌లో అలాగే అర్థమవుతాయి. గెలెరిన్, గెలెర్సిఙ్ రూపాల్లోని ‘ర’ ప్రభావం కాలక్రమంలో మొదటి రెండు పురుషల వ్యతిరేక రూపాలను తనవైపు లాక్కుంది. ప్రథమ పురుష మాత్రం లొంగలేదు.

అసలు విషయం వర్తమానంలో ఉంది, అక్కడ కాస్త నిలబడాలి. ‘గెల్యారిన్’ అంటే వస్తున్నాను. దీనికి ‘మె’ చేర్చి ‘గెల్మెయారిన్’ అనవచ్చు. రాత భాషలో ఈ తరహా రూపాలు కనిపిస్తూనే ఉంటాయి. తుర్కిష్‌లో ‘గెల్మియొరుమ్’, అజర్‌బైజానీలో ‘గెల్మిరెమ్’ అంటారు, రెండింటిలోనూ ‘మ’ ఉంది. అయితే తుర్క్‌మెన్ ఇంట్లో, బజారులో, ఫోనులో వినిపించేది ఇది కాదు. వినిపించేది ‘గెలెమోక్’. నువ్వు రావడం లేదు ‘గెలెఙోక్’, అతను రావడం లేదు ‘గెలెనోక్’, మేము రావడం లేదు ‘గెలెమ్జోక్’, మీరు రావడం లేదు ‘గెలెఙ్జోక్’, వాళ్ళు రావడం లేదు ‘గెలెనోక్లర్’. కొత్తగా నేర్చుకునేవారికి అందరికంటే ముందు అవసరమయ్యే రెండు వాక్యాలు, ‘మెన్ బిలెమోక్’ నాకు తెలియదు, ‘మెన్ దుషునెమోక్’ నాకు అర్థం కావడం లేదు, ఈ అచ్చులోనే పోసినవి.

ఈ రూపాన్ని దగ్గరగా చూస్తే మూడు అసాధారణమైన సంగతులు బయటపడతాయి. మొదటిది, ఎవరు అన్నది చెప్పే గుర్తు మాట చివర లేదు, మధ్యలో ఉంది. వ్యతిరేకార్థం దాని తరువాత వస్తోంది. గెల్మెదిమ్‌లో ముందు ‘మె’, చివర ‘నేను’. గెలెమోక్‌లో ముందు ‘నేను’, చివర ‘ఓక్’. రెండోది, ఆ గుర్తు వర్తమాన క్రియకు చేరే గుర్తు కాదు. గెల్యారిన్‌లో నేను అంటే ‘ఇన్’, గెలెమోక్‌లో ‘మ్’. ఈ ‘మ్’ ‘కితాబిమ్’ (నా పుస్తకం) అన్నప్పుడు నామానికి తగిలే ‘నా’. మేముకు వచ్చిన ‘మ్జ్’ కూడా ‘మా’ అనే గుర్తుకు సంక్షిప్త రూపమే. మూడోది, అచ్చుల పొందిక చెడింది. గెల్ వంటి ధాతువు వెనుక ‘ఎ’, ‘ఇ’ వంటి ముందు అచ్చులే రావాలి. ఇక్కడ ‘ఓ’ ఏ ధాతువు వెనుకైనా మారకుండా నిలబడుతోంది: గెలెమోక్, అలమోక్, ఒకమోక్ (చదవడం లేదు). పొందికకు లొంగని అచ్చు కనిపించిందంటే అది ఒకప్పుడు విడి మాట అయ్యుండాలి.

ఆ విడి మాట యోక్. ‘గెలెన్’ అంటే వచ్చిన, వచ్చినవాడు, వచ్చినది. ‘గెలెనిమ్’ అంటే నా రాక. ‘గెలెనిమ్ యోక్’ అంటే నా రాక లేదు. వేగంగా పలికీ పలికీ నలిగి ‘గెలెమోక్’ అయింది. మనం ‘నేను రావడం లేదు’ అంటాం. రావడం అనే నామాన్ని నిలబెట్టి, అది లేదంటాం; రాను అనే శుద్ధమైన వ్యతిరేక క్రియ చేతిలో ఉన్నా, జరుగుతున్న వర్తమానానికి దాన్ని వాడం. తుర్క్‌మెన్ కూడా ‘మె’ చేతిలో ఉండగానే, వర్తమానంలో రాకను నామంగా చేసి దాని ఉనికిని కాదంది. ఒకరినొకరు ఎరుగని రెండు భాషలు ఒకే మలుపు తిరగడం చూసినప్పుడు నాకు కలిగే ఆనందాన్ని దాచుకోలేను. తేడా అల్లా నలుగుడులోనే. మన ‘రావడం లేదు’ రాతలో ఇంకా రెండు మాటలు. అయితే ‘రావట్లేదు’ అని పలికేటప్పుడు మనం కూడా సరిగ్గా అదే దారిలో నడుస్తున్నాం.

రెండు మాటలుగా విడదీసి రాసిన ‘గెలెన్ యోక్’ ఇంకా బతికే ఉంది, దాని అర్థం వేరు: వచ్చినవాడు లేడు, అంటే ఎవరూ రాలేదు. కలిపి రాసిన ‘గెలెనోక్’కు అతను రావడం లేదు అని అర్థం. మధ్యలో ఉన్న ఖాళీ ఒక్కటే ఈ తేడాను మోస్తోంది. మరొక ముచ్చట కూడా చెప్పాలి. ‘ఎంతెక్’ అంటే ఇంకా. ‘ఓల్ ఎంతెక్ గెలెనోక్’ అంటే ‘అతను ఇంకా రావడం లేదు’ అని కాదు, ‘ఇంకా రాలేదు’ అని. వర్తమాన రూపం గతంలోకి అడుగు వేసినట్టు కనిపిస్తుంది. కానీ లోపల దాగి ఉన్నది ‘అతని రాక లేదు’ అనే నామవాక్యం అని గుర్తుంటే ఇందులో వింత ఏమీ లేదు. రాక ఇంతవరకు లేదు అంటే రాలేదనే కదా.

ద్యాల్ కూడా ఇదే తర్కంతో క్రియల లోపలికి వచ్చింది. నిశ్చయమైన భవిష్యత్తుకు తుర్క్‌మెన్‌లో ‘జక్, జెక్’ అనే ప్రత్యయం ఉంది: మెన్ గెల్జెక్, సెన్ గెల్జెక్, ఓల్ గెల్జెక్. నేను వచ్చేది, నువ్వు వచ్చేది, అతను వచ్చేది అన్నట్టు, పురుషను బట్టి ఏ మార్పూ లేదు. క్రియలాగా ప్రవర్తించని ఈ రూపం ‘ముగల్లిమ్’ లాంటి నామం పక్కన కూర్చుంటుంది, కాబట్టి దాన్ని కాదనడానికి ద్యాల్ కావాలి: ‘మెన్ గెల్జెక్ ద్యాల్’, నేను వచ్చేది లేదు. ఇక్కడ తెలుగు లేదు అంటుంది, తుర్క్‌మెన్ కాదు అంటుంది. పోలికలు ప్రతి చోటా సరిపోవని గుర్తుచేయడానికి ఇది మంచి ఉదాహరణ. ‘రావాలి’ అనే అర్థమిచ్చే ‘గెల్మెలి’, ‘రావాలనుకుంటున్నాను’ అనే అర్థమిచ్చే ‘గెల్మెక్చి’ కూడా పురుష గుర్తులు లేని రూపాలే, అవి కూడా ‘గెల్మెలి ద్యాల్’, ‘గెల్మెక్చి ద్యాల్’ అవుతాయి. ఈ రెండు మాటల్లో ముందే ఉన్న ‘మె’ వ్యతిరేకార్థకం కాదు; ‘రావడం’ అనే నామాన్ని కట్టే మరో ప్రత్యయంలోని భాగం. గొవుర్మ కథ ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది.

గెల్జెక్‌ను మరో వాక్యం లోపల పెడితే మాత్రం పరిస్థితి మారుతుంది. ‘అతను రాడని చెప్పాడు’ అనాలంటే ‘గెల్మెజెగిని అయ్త్ది’ అంటారు. ద్యాల్ మాయమై ‘మె’ ధాతువు పక్కకు తిరిగి వచ్చింది. వాక్యాన్ని ముగించే చోట నామంగా నిలిచిన రూపం, వాక్యం లోపల విభక్తి ప్రత్యయాలు మోయాల్సిన చోట మళ్ళీ క్రియ లక్షణం చూపుతుంది. ద్యాల్ విడి మాట కాబట్టి అంత ఇరుకులోకి దూరలేదు.

ద్యాల్ ఒఘుజ్ శాఖలో స్థిరపడిన మాట. పొరుగున ఉన్న ఉజ్బెక్‌లో ‘ఎమస్’, కజఖ్‌లో ‘ఎమెస్’ అంటారు. అవి ‘ఉండు, అగు’ అనే పాత ధాతువుకు పైన చూసిన పాత ‘మజ్’ చేరి ఏర్పడ్డవి. తుర్కిష్ ‘దెయిల్’, అజర్‌బైజానీ ‘దెయిల్’, తుర్క్‌మెన్ ‘ద్యాల్’ ఒక గూటి పక్షులు. 11వ శతాబ్దంలో తుర్కిక్ భాషలకు నిఘంటువు కూర్చిన మహ్మూద్ కాష్గరీ, అర్గు అనే తెగవారు ‘దగ్ ఓల్’ అనే మాటను ఒఘుజ్‌లు ‘తెగుల్’గా మార్చుకున్నారని రాశాడు. వెయ్యేళ్ళ కిందటే ఈ మాట వారిని మిగతావారి నుంచి వేరుచేసే గుర్తుగా ఆయన చెవికి వినిపించింది.

విశేషణాలుగా పనిచేసే రూపాల్లో తుర్క్‌మెన్ ఒక పాత వస్తువును చాలా జాగ్రత్తగా దాచుకుంది. ‘గెలెన్ ఆదమ్’ వచ్చిన మనిషి. దీనికి వ్యతిరేకం గెలెన్‌కు ఏదో చేర్చగా వచ్చేది కాదు, ‘గెల్మెదిక్ ఆదమ్’, రాని మనిషి. తుర్కిష్‌లో ‘దిక్’ వ్యతిరేకం లేకుండా కూడా విరివిగా పనిచేస్తుంది. తుర్క్‌మెన్‌లో అది ప్రధానంగా వ్యతిరేక రూపంలోనే మిగిలింది. వర్తమాన విశేషణం మాత్రం ‘గెల్యాన్’ వస్తున్న, ‘గెల్మెయాన్’ రాని, అని సూటిగా నడుస్తుంది. మనకు ‘వచ్చిన’, ‘వస్తున్న’, ‘వచ్చే’ అని మూడున్నా వ్యతిరేకంలో ‘రాని’ ఒక్కటే. కాలం అందులో ఇంకిపోతుంది. తుర్క్‌మెన్ ఆ తేడాను వదులుకోలేదు. నిన్న రానివాడు గెల్మెదిక్, రోజూ రానివాడు గెల్మెయాన్, రేపు రాబోనివాడు గెల్మెజెక్. ‘ఇష్ల్యాన్ దిష్ల్యార్’ అని తుర్క్‌మెన్ సామెత: పని చేసినవాడు కొరుకుతాడు, అంటే కష్టపడ్డవాడికే కూడు. దీన్ని వ్యతిరేకంలోకి తిప్పితే ‘ఇష్లెమెదిక్ దిష్లెమెజ్’ అవుతుంది. ‘దిక్’, ‘మెజ్’, ఈ వ్యాసంలో చూసిన రెండు పాత ప్రత్యయాలు ఆ రెండు మాటల్లోనే పక్కపక్కన నిలబడతాయి.

‘వచ్చి’, ‘రాకుండా’ అనే జంటకు తుర్క్‌మెన్‌లో ‘గెలిప్’, ‘గెల్మ్యాన్’. ‘ఓల్ హిచ్ జాత్ దియ్మ్యాన్ గిత్ది’ అంటే అతను ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. గెలిప్ ఎక్కడెక్కడికి వెళ్తుందో గెల్మ్యాన్ అక్కడికి దాని జతగా వెళ్తుంది. ‘వచ్చాడట’ అనే అర్థంలో ‘గెలిప్‌దిర్’, ‘రాలేదట’ అనే అర్థంలో ‘గెల్మ్యాన్‌దిర్’. ‘అప్పటికి వచ్చి ఉన్నాను’ అనడానికి ‘గెలిప్‌దిమ్’, ‘అప్పటికి రాలేదు’ అనడానికి ‘గెల్మ్యాన్‌దిమ్’. పట్టికలో ఈ రెండింటినీ వేర్వేరు మినహాయింపులుగా చూపిస్తే విద్యార్థి కంగారు పడతాడు. ‘రాకుండా ఉన్నాను’ అని తెలుగులో మనసులో అనుకుంటే చాలు, కట్టడం కళ్ళకు కడుతుంది.

పై వాక్యంలోని ‘హిచ్’ పారసీకం నుంచి వచ్చినది. ‘హిచ్ కిమ్’ ఎవరూ, ‘హిచ్ జాత్’ ఏమీ, ‘హిచ్ హాచాన్’ ఎప్పుడూ. వీటితో క్రియ కూడా వ్యతిరేకంలోనే ఉండాలి: ‘హిచ్ కిమ్ గెల్మెది’, ఎవరూ రాలేదు. రెండు వ్యతిరేకాలు ఇక్కడ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. రద్దు కావాలంటే రెండూ రెండు వేర్వేరు క్రియలకు తగలాలి. తుర్క్‌మెన్ పత్రికల్లో తరచు కనిపించే ‘బెల్లెమ్యాన్ గెచ్మెక్ బొల్మజ్’ అనే పదబంధాన్ని ‘పేర్కొనకుండా దాటిపోవడం కుదరదు’ అని తెలుగులో పెడితే ఒక్క మాట కూడా కదల్చనక్కర లేదు.

నామాలకు ‘లేని’ అనే అర్థాన్ని ‘సిజ్, సుజ్’ ఇస్తుంది. ‘సువ్‌సుజ్’ నీళ్ళు లేని, ‘దుజ్‌సుజ్’ ఉప్పు లేని, ‘ఇష్‌సిజ్’ పని లేని. దీని ఎదురు ప్రత్యయం ‘లి, లు’, అంటే కల, ఉన్న. ఆ ‘లు’ తెలుగు నేల చరిత్రలో ఒక చోట ఉంది. 1518 నుంచి గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీ వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ, ‘కరా కొయున్‌లు’ అనే తుర్క్‌మెన్ తెగల కూటమికి చెందిన వంశంలో పుట్టాడు. కరా అంటే నల్ల, కొయున్ అంటే గొర్రె, కొయున్‌లు అంటే గొర్రెలు కలవారు. ఇరాన్ పశ్చిమ భాగాల్లో నివసించిన ఆ తెగలూ నేటి తుర్క్‌మెనిస్తాన్ ప్రజలూ ఒకరు కారు, కానీ మాట ఒకే ఒఘుజ్ శాఖది. నేటి తుర్క్‌మెన్‌లో అది ‘గర గొయున్‌లి’. గొర్రెలు లేనివాడు ‘గొయున్‌సిజ్’. పారసీకం నుంచి వచ్చిన వ్యతిరేక ఉపసర్గలు కూడా ఈ భాషలో ఉన్నాయి, అన్నీ వెనుక చేర్చే భాషలో ముందు చేరి కాస్త పరాయిగా కనిపిస్తూ. మనం బేకారు, బేవార్సు అన్నప్పటి ‘బే’ అక్కడ ‘బి’: ‘బిహబర్’ సమాచారం తెలియని. నాలాయకు అన్నప్పటి ‘నా’ అక్కడ ‘న్యా’: ‘న్యాదొగ్రి’ సరికాని, ‘న్యాబెల్లి’ తెలియని. ‘సాగ్’ అంటే ఆరోగ్యంగా ఉన్న. ‘న్యాసాగ్’ అంటే రోగి.

యోక్ దగ్గరకు మరొకసారి వెళ్ళాలి, ఎందుకంటే అది వ్యాకరణం గట్టు దాటి మనుషుల బతుకుల్లోకి పారింది. ‘అవునా, కాదా’ అన్న ప్రశ్నకు అవును అంటే ‘హవా’, కాదు అంటే మళ్ళీ యోకే. ‘యోక్ ఎత్మెక్’ అంటే నాశనం చేయడం, లేకుండా చేయడం. ఎవరైనా చనిపోయినప్పుడు మర్యాదగా ‘యొగాల్ది’ అంటారు. యోక్ నుంచి పుట్టిన క్రియ అది, లేకుండా పోయాడు అని. మనమూ ‘ఆయన లేరు’ అనే అంటాం. కుల్ తెగిన్ శాసనంలో తుర్కుల ప్రజను ఆకాశం, నేల, నీరు ఎందుకు కాపాడాయో చెప్పే చోట ‘యోక్ బొల్మజున్’ అని చెక్కారు: లేకుండా పోకూడదని. నేటి తుర్క్‌మెన్‌లో అదే మాట ‘యోక్ బొల్మసిన్’. ముందు ఉనికిని కాదనే యోక్, దాని వెనుక ఆ కాదనడాన్నే కాదనే ‘మ’.